చలికాలంలో సైకిల్ సస్పెన్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది మినియాపొలిస్‌లో, ఇక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా సైకిల్ మూలన పెట్టేసే వాళ్ళు ఎంతమంది ఉన్నా మంచులో కూడా తొక్కే వాళ్ళూ బాగానే కనిపిస్తారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఏటేటా పెరుగుతున్నారు. చలి మొదలవగానే అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. లదాఖ్ వెళ్ళే వాళ్ళు, లంబసింగి వెళ్ళే వాళ్ళు అడిగినవి కూడా ఇందులోనే కలిపేశాను. సస్పెన్షన్ అంటే గుంటల కుదుపుని మింగే భాగాలు: ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్క్, కొన్ని బళ్ళకి వెనక ఉండే షాక్. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే రాశాను.

చలికి నా ఫోర్క్ బాగా గట్టిగా అయిపోయింది, కొంచెం గాలి తీసేస్తే సరిపోతుందా?

వద్దండీ, దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే ఇదే గుర్తుపెట్టుకోండి. చలి సస్పెన్షన్‌కి ఒకేసారి రెండు పనులు చేస్తుంది, అవి రెండూ ఒకదానికొకటి ఎదురు. ఫోర్క్ లోపల ఉన్న గాలి చల్లబడి ప్రెషర్ తగ్గుతుంది, ఆ గాలే స్ప్రింగ్ కాబట్టి స్ప్రింగ్ మెత్తబడుతుంది. అదే సమయంలో డాంపర్‌లో (ఫోర్క్ ఊగుడుని అదుపు చేసే భాగం) ఉన్న ఆయిల్ చిక్కబడుతుంది, సీళ్ళు (గాలి, ఆయిల్ బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగులు) బిగుసుకుపోతాయి, గ్రీజు గట్టిపడుతుంది, అంటే కదలిక బరువెక్కుతుంది. చేత్తో నొక్కి చూస్తే మనకు తెలిసేది ఈ రెండోదే, అందుకే "అబ్బా గట్టిగా ఉంది, గాలి ఎక్కువైనట్టుంది" అనుకుని వాల్వ్ నొక్కేస్తారు. కానీ గాలి అప్పటికే తక్కువ ఉంది, దాన్ని ఇంకా తగ్గిస్తే ఫోర్క్ కిందకి కూర్చుండిపోతుంది, ఆయిల్ చిక్కగా ఉండటం వల్ల మళ్ళీ పైకి లేవడానికి టైం పడుతుంది, దాంతో వరసగా నాలుగు గుంటలు వస్తే నాలుగో గుంట దగ్గరికి మీకు ట్రావెల్ (ఫోర్క్ కుంగగలిగే దూరం) మిగలదు, హ్యాండిల్ ముందుకు వంగిపోయి ఉంటుంది, కింద మంచు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి వరస ఇది: ముందు గాలి సరి చెయ్యండి (దాదాపు ఎప్పుడూ కొట్టాల్సే వస్తుంది), తర్వాత రీబౌండ్ (ఫోర్క్ తిరిగి పైకి లేచే వేగం) నాబ్ తిప్పండి, ఆ తర్వాత కంప్రెషన్ (కిందకి కుంగే వేగం) చూడండి. ఆయిల్ వల్ల వచ్చిన ఇబ్బందిని గాలి తీసి సరిచెయ్యలేం.

ఇంతకీ గాలి ఎంత తగ్గుతుంది?

లెక్క తేలికే. గాలి ప్రెషర్ దాని టెంపరేచర్‌తో పాటు పెరిగి తగ్గుతుంది, కాకపోతే టెంపరేచర్‌ని కెల్విన్‌లో తీసుకోవాలి, ప్రెషర్‌కి బయటి వాతావరణ ప్రెషర్ 14.7 పీఎస్ఐ కలుపుకోవాలి, ఎందుకంటే పంపు మీద గేజ్ ఆ 14.7 ని వదిలేసి చూపిస్తుంది.

ఇంట్లో 21 డిగ్రీల దగ్గర ఫోర్క్‌లో 80 పీఎస్ఐ కొట్టారనుకోండి. అదే ఫోర్క్ బయట సున్నా డిగ్రీలకు వచ్చేసరికి 73 అవుతుంది, మైనస్ 10 లో 70, మైనస్ 20 లో 67. లీకేం లేదు, ఒక్క బుడగ కూడా బయటికి పోలేదు, ఉన్న గాలే చల్లబడింది అంతే. వెనక షాక్‌లో 200 కొట్టి ఉంటే మైనస్ 10 లో అది 177 దగ్గర ఉంటుంది. నోటి లెక్క కావాలంటే పది డిగ్రీలు పడిపోతే 80 ఉన్న ఫోర్క్‌లో మూడు పీఎస్ఐ, 200 ఉన్న షాక్‌లో ఏడు పీఎస్ఐ పోతుందని అనుకోండి, దగ్గరదగ్గర సరిపోతుంది.

పది పీఎస్ఐ అంటే మీ బరువు పది కిలోలు పెరిగితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది సాగ్ మీద (సాగ్ అంటే మీరు బండి ఎక్కగానే మీ బరువుకి సస్పెన్షన్ కుంగే దూరం). పైగా చలికాలంలో మందపాటి జాకెట్, బూట్లు, నీళ్ళ సంచి అన్నీ వేసుకుంటాం కాబట్టి బరువు నిజంగానే రెండు మూడు కిలోలు పెరుగుతుంది, అదీ కలుపుకోవాలి.

గాలి ఇంట్లో కొట్టాలా, బయట కొట్టాలా?

బయటే. బండిని బయట పెట్టి కనీసం అరగంట ఆగండి, ఫోర్క్ మొత్తం బయటి చలికి రావాలి. వేడి గరాజ్‌లోంచి తీసిన వెంటనే సాగ్ చూస్తే బాగానే కనిపిస్తుంది, ట్రెయిల్ మొదట్లోకి వెళ్ళేసరికి పడిపోతుంది.

సాగ్ చూసేటప్పుడు రైడ్‌కి వేసుకునే బట్టలన్నీ వేసుకుని, హెల్మెట్, బ్యాగ్‌తో సహా బండి ఎక్కండి. ఫోర్క్‌ని నాలుగైదు సార్లు బాగా కిందకి పైకి ఊపండి, ఎందుకంటే చల్లటి సీళ్ళు స్టాంషన్‌ని (ఫోర్క్ పై సగంలో నున్నటి గొట్టం) పట్టుకుని ఉంటాయి, ఊపకుండా మెల్లగా కూర్చుంటే ఫోర్క్ సగం దారిలోనే ఆగిపోయి సాగ్ తక్కువ చూపిస్తుంది. తర్వాత నిలబడి, ఓ-రింగ్‌ని (స్టాంషన్ మీద ఉండే రబ్బరు రింగు) సీల్ దాకా కిందకి జరిపి, మెల్లగా దిగి చూడండి. 120 మిల్లీమీటర్ల ఫోర్క్‌కి 20 శాతం సాగ్ అంటే 24 మిల్లీమీటర్లు. వెనక షాక్‌కి మామూలుగా 25 నుంచి 30 శాతం. అంకెలు మీ ఫోర్క్ కంపెనీ వాళ్ళు చెప్పినవే పెట్టుకోండి, చలికాలం అని సాగ్ శాతం మార్చక్కర్లేదు, ఆ శాతం రావడానికి కొట్టే గాలి మాత్రమే మారుతుంది.

చేతులు గడ్డకట్టేలా ఉన్నప్పుడు బయట నిలబడి ఇదంతా చెయ్యడం కష్టమే, తెలుసు. ఒకసారి చేసుకుని, ఆ రోజు టెంపరేచర్, కొట్టిన ప్రెషర్ ఒక చిన్న టేప్ ముక్క మీద రాసి ఫ్రేమ్ కింద అంటించుకుంటే మళ్ళీ మళ్ళీ ఆ బాధ ఉండదు, పైన చెప్పిన నోటి లెక్కతో ఇంట్లోనే కొంచెం ఎక్కువ కొట్టుకుని వెళ్ళిపోవచ్చు. ఉదాహరణకి బయట మైనస్ 10 లో మీకు 80 కావాలి, ఇంట్లో 21 ఉంది అంటే ఇంట్లో 91 దాకా కొట్టాలి. ఫోర్క్ మీద రాసి ఉన్న గరిష్ఠ ప్రెషర్ మాత్రం దాటకండి.

షాక్ పంపు పెట్టి చూసిన ప్రతిసారీ తక్కువ చూపిస్తోంది, లీకవుతోందా?

చాలాసార్లు కాదు. పంపు బిగించగానే ఫోర్క్‌లో గాలి కొంచెం పంపు గొట్టంలోకి వస్తుంది, దాంతో అంకె తగ్గుతుంది. వెనక షాక్‌లో గాలి గది చిన్నది కాబట్టి ఈ తేడా అక్కడ బాగా కనిపిస్తుంది. పంపు తీసేటప్పుడు వచ్చే "ఉస్స్" అన్న శబ్దం గొట్టంలో గాలిది, మంచి పంపు అయితే ఫోర్క్‌లోది పోదు. నిజంగా లీకో కాదో తెలియాలంటే ఒకే టెంపరేచర్‌లో రెండు రోజులు వరసగా చూడండి. రాత్రి ఇంట్లో ఒకసారి, పొద్దున బయట ఒకసారి చూస్తే మీరు చూసేది టెంపరేచర్ తేడానే.

రీబౌండ్ ఎన్ని క్లిక్కులు తిప్పాలి?

అందరికీ పనికొచ్చే అంకె ఒకటి లేదు, కానీ ఎటు తిప్పాలో మాత్రం ఎప్పుడూ ఒకటే: వేగం పెంచే వైపు. రాక్‌షాక్స్, ఫాక్స్ ఫోర్క్‌లలో కుడి కాలు అడుగున ఎర్ర నాబ్ ఉంటుంది, చాలా రాక్‌షాక్స్ ఫోర్క్‌ల మీద పక్కనే తాబేలు, కుందేలు బొమ్మలు ఉంటాయి, కుందేలు వైపు తిప్పాలి. గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురు దిశ అన్నమాట.

మామూలు రోజుల్లో మీ సెట్టింగ్ ఎన్నో క్లిక్కులో ముందు లెక్కపెట్టి రాసుకోండి. పూర్తిగా తాబేలు వైపు మూసేసి, అక్కడినుంచి ఎన్ని క్లిక్కులు తెరిచారో లెక్కపెట్టడం మంచి పద్ధతి, అప్పుడు ఎప్పుడైనా మళ్ళీ అక్కడికే రావచ్చు. చలిలో రెండు క్లిక్కులు తెరిచి, ఫోర్క్‌ని గట్టిగా నొక్కి వదిలి చూడండి. చక్రం నేలనంటుకుని ఉండగానే ఫోర్క్ చురుగ్గా పైకి రావాలి. ఇంకా బద్ధకంగా లేస్తుంటే ఇంకో రెండు. మైనస్ 20 లో చాలా ఫోర్క్‌లు పూర్తిగా తెరిచినా నెమ్మదిగానే లేస్తాయి, అక్కడ ఇక నాబ్‌తో చెయ్యగలిగింది అయిపోయినట్టే.

కంప్రెషన్ నాబ్ ఉంటే దాన్ని కూడా తెరిచేయండి. లాకౌట్ లివర్ (ఫోర్క్‌ని కదలకుండా బిగించేది) ఉన్న ఫోర్క్‌లలో చలికి లాకౌట్ అవసరమే రాదు, ఆయిలే సగం లాక్ చేస్తుంది.

మొదటి పది పదిహేను నిమిషాలు బండలా ఉండి తర్వాత బాగుంటోంది, ఎందుకు?

డాంపర్ చేసే పనే అది, కదలికను వేడిగా మార్చడం. ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి దూరి వెళ్తున్న కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కితే పల్చబడుతుంది. వెనక షాక్‌లో ఆయిల్ తక్కువ, పని ఎక్కువ, అందుకే అది ముందు వేడెక్కుతుంది. ఫోర్క్ మాత్రం ముందు గాలికి ఎదురుగా ఉంటుంది, పొడుగాటి కాళ్ళు, వేడి త్వరగా పోతుంది. పైగా మంచు మీద నున్నటి దారిలో ఫోర్క్‌కి పెద్దగా పనుండదు, కాబట్టి గట్టి చలిలో అది రైడ్ మొత్తం చల్లగానే ఉండిపోవచ్చు.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. రాళ్ళ దారిలో దిగుతుంటే వెనక షాక్ వేడెక్కి చురుకవుతుంది, ముందు ఫోర్క్ ఇంకా బద్ధకంగానే ఉంటుంది, అప్పుడు బండి వెనక ఎగిరి ముందు కుంగుతున్నట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తే వెనక రీబౌండ్‌ని ఒక క్లిక్కు మూసి, ముందుది ఇంకో క్లిక్కు తెరవండి.

బయల్దేరే ముందు ఫోర్క్‌ని ఇరవై ముప్పై సార్లు ఊపితే ఆయిల్ వేడెక్కిపోతుందని అనుకోకండి, వేడి నామమాత్రం. కానీ సీళ్ళకి ఆయిల్ తగిలి జారడం మొదలవుతుంది, దానికోసం మాత్రం ఊపడం మంచిదే.

పల్చటి ఆయిల్ వేస్తే?

వేయొచ్చు, బాగా పనిచేస్తుంది, కానీ కొంచెం తెలిసి వెయ్యాలి. మన ఇళ్ళల్లో కొబ్బరినూనె సీసా డిసెంబర్‌లో ఎలా అవుతుందో చూసే ఉంటారు, సస్పెన్షన్ ఆయిల్ అంత గడ్డకట్టదు గానీ చిక్కబడటం మాత్రం ఖాయం. ఎంత చిక్కబడుతుంది అన్నది ఆయిల్‌ని బట్టి ఉంటుంది, డబ్బా మీద రాసిన 5 వెయిట్, 7.5 వెయిట్ అంకెలు అది చెప్పవు. పైగా ఒక కంపెనీ 5 వెయిట్, ఇంకో కంపెనీ 5 వెయిట్ ఒకటి కాదు, దానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. ఆయిల్ డేటా షీట్‌లో రెండు అంకెలు చూడండి: 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ ఎంత, విస్కాసిటీ ఇండెక్స్ ఎంత. మొదటిది ఎంత చిక్కగా ఉందో చెబుతుంది, రెండోది టెంపరేచర్ మారితే ఎంత మారుతుందో చెబుతుంది. ఇండెక్స్ ఎంత ఎక్కువుంటే చలికి అంత తక్కువ చిక్కబడుతుంది, కాబట్టి చలికాలానికి కొనేటప్పుడు ఈ రెండో అంకె ముఖ్యం. 40 డిగ్రీల దగ్గర మీ పాత ఆయిల్‌కి దగ్గరగా ఉండి ఇండెక్స్ ఎక్కువ ఉన్నది దొరికితే, ఏడాది పొడుగునా అదే ఉంచేసుకోవచ్చు, చలికాలానికొకటి వేసవికొకటి మార్చే పని తప్పుతుంది.

లోయర్స్‌లో (స్టాంషన్లు దూరే ఫోర్క్ కింది సగం) వేసే ఆయిల్ సంగతి వేరు, అది డాంపింగ్‌కి కాదు, బుషింగులు (స్టాంషన్ జారే లోపలి రింగులు), సీళ్ళు తడిగా ఉండటానికి. ఫాక్స్ వాళ్ళది 20 వెయిట్ గోల్డ్, చిక్కటిది, స్టాంషన్‌ని అంటిపెట్టుకుని ఉండటానికే అలా చేశారు, గట్టి చలిలో అది జిగటగా మారుతుంది. రాక్‌షాక్స్ కొన్ని మోడళ్ళలో 0డబ్ల్యూ-30 రకం వాడతారు, చలికి అది నయం. వారంటీ ఉన్న ఫోర్క్ అయితే వేరే ఆయిల్ వేసే ముందు మాన్యువల్ చదవండి.

చలి రోజుల్లో ఫోర్క్ నిజంగానే గాలి వదిలేస్తోంది, లోపలికి తెస్తే మళ్ళీ బాగుంటోంది. ఏంటిది?

సీళ్ళు. ఫోర్క్‌లో ఎయిర్ సీళ్ళు, ఓ-రింగులు ఎక్కువగా నైట్రైల్ రబ్బరుతో చేస్తారు. అల్యూమినియం చలికి ముడుచుకున్న దానికంటే రబ్బరు చాలా ఎక్కువ ముడుచుకుంటుంది, పైగా గట్టిపడి సాగే గుణం పోతుంది, దాంతో గోడకి ఆనుకుని ఉండాల్సిన అంచు పూర్తిగా ఆనదు. కొత్త సీల్ అయితే మైనస్ 20 దాకా పెద్దగా ఇబ్బంది పెట్టదు, నాలుగైదేళ్ళు వాడిన సీల్ అయితే మైనస్ 10 కే వదిలేయొచ్చు. లోపలికి తెస్తే రబ్బరు మళ్ళీ మెత్తబడి పట్టుకుంటుంది, అందుకే షాపులో చూపిస్తే "బాగానే ఉంది కదండీ" అంటారు. మెకానిక్‌కి చూపించేటప్పుడు చలిలో మాత్రమే లీకవుతోందని స్పష్టంగా చెప్పండి, ఎయిర్ స్ప్రింగ్ సీల్ కిట్ మార్చమనండి.

ఇంట్లోనే ఎయిర్ స్ప్రింగ్ విప్పి చేసుకునే వాళ్ళకి ఒక మాట: గ్రీజు పల్చగా రాయండి. పాజిటివ్ (ఫోర్క్‌ని పైకి తోసే), నెగటివ్ (కిందకి లాగే) గాలి గదుల మధ్య గాలి అటూ ఇటూ వెళ్ళడానికి ట్యూబ్ గోడ మీద చిన్న గుంట ఒకటి ఉంటుంది, గోరంత కూడా ఉండదు, ఎక్కువ గ్రీజు పూస్తే అది అక్కడ చేరి, చలికి గట్టిపడి ఆ దారి మూసుకుపోతుంది.

ఫోర్క్ కిందకి దిగిపోయి పూర్తిగా పైకి రావట్లేదు. పాడైందా?

పైన చెప్పిన ఆ గుంట విషయమే చాలాసార్లు. పాజిటివ్ గదిలో గాలి తగ్గి నెగటివ్ గదిలో ఎక్కువ ఉండిపోతే అది ఫోర్క్‌ని కిందకి లాగి పెడుతుంది. ముందు 50 పీఎస్ఐ దాకా కొట్టి, ఫోర్క్‌ని మెల్లగా పదిసార్లు మొదటి నాలుగో వంతు ట్రావెల్‌లో ఊపండి, గాలి సర్దుకుంటుంది, తర్వాత ఇంకొంచెం కొట్టి మళ్ళీ ఊపండి. వెనక షాక్‌కి కూడా ఇదే, 50 పీఎస్ఐకి ఒకసారి ఆగి ఊపాలి. వేడి గదిలో చేస్తే త్వరగా సర్దుకుంటుంది. అప్పటికీ రాకపోతే సీల్ పోయినట్టే, విప్పాలి.

కాయిల్ స్ప్రింగ్ అయితే ఈ గొడవ ఉండదు కదా?

సగం ఉండదు. ఉక్కు స్ప్రింగ్ గట్టిదనం 40 డిగ్రీలు తగ్గినా ఒక శాతం అటూ ఇటూగానే మారుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. సీళ్ళు తక్కువ, కాబట్టి పట్టుకోవడమూ తక్కువ. కానీ డాంపర్ ఆయిల్ మాత్రం కాయిల్ అయినా ఎయిర్ అయినా ఒకటే, చిక్కబడుతుంది. చలి ప్రాంతంలో ఏడాది పొడుగునా తొక్కేవాళ్ళకి, కొంచెం బరువు పర్వాలేదు అనుకుంటే, నా సలహా కాయిలే.

1990లలో వచ్చిన పాత ఫోర్క్‌ల సంగతి పూర్తిగా వేరు. వాటిలో చాలావాటికి స్ప్రింగ్ బదులు ఎలాస్టమర్ ముక్కలు ఉండేవి, రబ్బరు లాంటి గుండ్రటి దిమ్మెలు, చలికి అవి రాయిలా అయిపోతాయి. వాటికి సెట్టింగ్ ఏమీ లేదు, చలికాలం రిజిడ్ ఫోర్క్ (అసలు కదలని ఫోర్క్) అనుకుని తొక్కుకోవడమే.

మన దేశంలో పదిహేను వేలు, ఇరవై వేల రూపాయల రేంజ్‌లో వచ్చే బళ్ళకి ఎక్కువగా ఉండే ఫోర్క్‌లు, ఎస్ఆర్ సన్‌టూర్ ఎక్స్‌సీటీ లాంటివి, జూమ్ వాళ్ళవి, కాయిల్ స్ప్రింగ్ మీద పనిచేస్తాయి, చాలావాటిలో ఆయిల్ డాంపర్ ఉండదు, గ్రీజే ఉంటుంది. చలికి అవి బిగుసుకుంటున్నాయంటే గ్రీజు ఎండిపోయిందని అర్థం. విప్పి, తుడిచి, కొత్త సస్పెన్షన్ గ్రీజు రాస్తే మళ్ళీ కదులుతాయి.

ఫ్యాట్ బైక్‌కి అసలు సస్పెన్షన్ ఫోర్క్ అవసరమా?

దీనిమీద ఇక్కడి వాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. ఫ్యాట్ బైక్ అన్నది, అంటే బాగా లావు టైర్ల సైకిల్, ఎక్కువగా పెరిగిందే చలిలో. మా ఊరి పక్కనే బ్లూమింగ్టన్‌లో ఉన్న సర్లీ కంపెనీ 2005లో పగ్స్‌లీ తెచ్చింది, పెద్ద ఎత్తున తయారై షాపుల్లోకి వచ్చిన మొదటి ఫ్యాట్ బైక్ అదే, దానికి ఉన్నది రిజిడ్ ఫోర్క్. ఫ్యాట్ బైక్‌ల కోసమే ప్రత్యేకంగా రాక్‌షాక్స్ బ్లూటో ఫోర్క్ 2014లో వచ్చింది, తర్వాత మానిటూ మాస్టడాన్ వచ్చింది. ఆరోహెడ్ 135 అని మా రాష్ట్రం ఉత్తరాన, ఇంటర్నేషనల్ ఫాల్స్‌లో మొదలయ్యే రేసు ఉంది, జనవరి చివర్లో 135 మైళ్ళు మంచులో వెళ్ళాలి, మైనస్ 30 కూడా చూసిన రేసు అది. అక్కడికి వచ్చే బళ్ళలో ఎక్కువ వాటికి రిజిడ్ ఫోర్కే ఉంటుంది. కారణం సులువు, అంత చలిలో నమ్మకంగా పనిచేసేది కదలని ఫోర్కే. ఆయిల్, గాలి, సీల్ ఏదీ లేకుండా గ్లాస్ ఫైబర్ పట్టీలు వంగి పనిచేసే ఫోర్క్ ఒకటి ఐస్‌లాండ్ కంపెనీ లౌఫ్ చేసింది, కార్బొనారా అని, చలి దానిమీద పెద్దగా ప్రభావం చూపదు, కాకపోతే డాంపింగ్ ఉండదు, ఊగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, చలి మైనస్ 10 దాటనంతవరకు, ట్రెయిల్‌లో రాళ్ళు, వేర్లు ఉంటే ఫోర్క్ హాయిగానే ఉంటుంది. అంతకంటే చలిలో, మంచు దారుల మీద మాత్రమే తొక్కేవాళ్ళు ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

ఎందుకంటే చలికాలంలో అసలు సస్పెన్షన్ టైరే, దాని గాలి గురించే అందరూ మర్చిపోతారు. ఫ్యాట్ టైర్‌లో ఇంట్లో 21 డిగ్రీల దగ్గర 8 పీఎస్ఐ ఉందనుకోండి, బయట మైనస్ 15 కి వెళ్ళేసరికి అది 5 చిల్లర అవుతుంది. ఫోర్క్‌లో పద్నాలుగు పదిహేను శాతం పోయింది అనుకుంటుంటే ఇక్కడ మూడో వంతు పోయింది! ప్రెషర్ ఎంత తక్కువుంటే అంత ఎక్కువ వాటా పోతుంది, ఎందుకంటే ఆ 14.7 కూడా లెక్కలో ఉంది కదా. తక్కువ ప్రెషర్ చూపించే గేజ్ ఒకటి కొనుక్కోండి, మామూలు ఫ్లోర్ పంపు గేజ్ ఈ రేంజ్‌లో దేనికీ పనికిరాదు.

లదాఖ్ వెళ్తున్నాం. అక్కడ చలి కూడా ఉంది, ఎత్తు కూడా ఉంది. గాలి కొట్టాలా, తీయాలా?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే అక్కడ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఎత్తుకి వెళ్ళేకొద్దీ బయటి గాలి ప్రెషర్ తగ్గుతుంది, ఖర్దుంగ్ లా మీద, అంటే 5,359 మీటర్ల దగ్గర, అది సముద్ర మట్టం మీద ఉన్నదాంట్లో సగమే ఉంటుంది. బయట నొక్కేది తగ్గింది కాబట్టి ఫోర్క్ లోపలి గాలి ఇంకా గట్టిగా తోస్తుంది. చలి దానికి ఎదురు పని చేస్తుంది.

హైదరాబాద్‌లో 25 డిగ్రీల దగ్గర 80 కొట్టుకుని వెళ్ళారనుకోండి. ఖర్దుంగ్ లా మీద మైనస్ 5 ఉంటే, ఎత్తు వల్ల ఆరు పెరుగుతుంది, చలి వల్ల తొమ్మిది తగ్గుతుంది, గేజ్ 77 దగ్గర చూపిస్తుంది. మూడు పీఎస్ఐ కోసం కంగారు పడక్కర్లేదు. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు మాత్రం ఎత్తు ఒక్కటే పనిచేసి ఫోర్క్ కొంచెం గట్టిగా అనిపించొచ్చు. కాబట్టి ముట్టుకోకండి, లేహ్ చేరాక ఒకసారి సాగ్ చూసుకుంటే చాలు.

ఇంకోటి, లోయర్స్ లోపల కూడా కొంచెం గాలి ఇరుక్కుని ఉంటుంది, అది కింద తక్కువ ఎత్తులో చేరిన గాలి, ఎత్తులో అది ఉబ్బి ట్రావెల్ చివర్లో అడ్డుపడుతుంది. 2021 మోడల్ నుంచి ఫాక్స్ 36, 38 ఫోర్క్‌లకి వెనకాల చిన్న బటన్లు ఇచ్చారు, నొక్కితే ఆ గాలి పోతుంది. మనాలి నుంచి బయల్దేరే వాళ్ళు పొద్దున్నే ఒకసారి నొక్కుకుంటే చాలు.

పొద్దుటి చలికి రీబౌండ్ రెండు క్లిక్కులు తెరిచి, ఎండెక్కాక మళ్ళీ మూసుకోండి. సర్చూ లాంటి చోట్ల తెల్లవారుజామున సున్నా కిందకి వెళ్ళి మధ్యాహ్నానికి ఇరవై దగ్గరికి రావచ్చు, ఒకే సెట్టింగ్‌తో రోజంతా నడవదు.

లంబసింగి, ఆదిలాబాద్ చలికి కూడా ఇవన్నీ చెయ్యాలా?

అన్నీ అక్కర్లేదు. వైజాగ్‌లో 28 డిగ్రీల దగ్గర గాలి కొట్టి, తెల్లారేసరికి లంబసింగిలో 5 డిగ్రీల్లో దిగితే, చలి ఒక్కటే లెక్కేస్తే, 80 కాస్తా 73 అవుతుంది. సాగ్ ఒకసారి చూసి ఏడు పీఎస్ఐ కొట్టుకుంటే సరి, రీబౌండ్ ఒక క్లిక్కు చాలు. సీళ్ళకి అక్కడి చలి ఏమీ చెయ్యదు. మధ్యాహ్నం తిరిగి కిందకి దిగేటప్పుడు కొట్టింది తీసెయ్యడం మర్చిపోకండి. ఎయిర్ ఫోర్క్ లేనివాళ్ళయితే టైర్ గాలి ఒక్కటి చూసుకుని వెళ్ళిపోండి.

డ్రాపర్ పోస్ట్ (సీటుని ఎత్తి దించే కడ్డీ) పైకి రావట్లేదు, బ్రేకులు కూడా మొద్దుగా ఉన్నాయి.

ఒకే జబ్బు. హైడ్రాలిక్ గొట్టంతో పనిచేసే డ్రాపర్లలో గొట్టంలోని ఆయిల్ చిక్కబడి పోస్ట్ బద్ధకంగా లేస్తుంది. కేబుల్‌తో లాగేవి నయం, కాకపోతే కేబుల్ కేసింగ్‌లోకి నీళ్ళు దూరి గడ్డకడితే అదీ పట్టేస్తుంది, రిమోట్ లాకౌట్ కేబుళ్ళకి కూడా ఇదే ముప్పు. చలికాలం ముందు కేసింగ్ మార్చుకోండి. బ్రేకుల్లో మినరల్ ఆయిల్ కంటే డాట్ ఫ్లూయిడ్ గట్టి చలికి తట్టుకుంటుంది, మైనస్ 25 దాటి తొక్కే వాళ్ళలో చాలామంది కేబుల్ డిస్క్ బ్రేకులే నమ్ముతారు. రెండూ కలిపి పోయొద్దు, మినరల్ సిస్టమ్‌లో డాట్ పోస్తే సీళ్ళు నాశనం.

బ్యాటరీతో నడిచే సస్పెన్షన్ ఉన్నవాళ్ళు బ్యాటరీ తీసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళి, ట్రెయిల్ దగ్గర బిగించుకోండి.

రైడ్ అయ్యాక ఏం చెయ్యాలి?

ఇక్కడ శ్రద్ధ పెడితే ఫోర్క్ పదేళ్ళు వస్తుంది. చల్లటి బండిని వెచ్చటి ఇంట్లోకి తేగానే స్టాంషన్ల మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు వస్తాయి, నిమిషం క్రితం పొడిగా ఉన్న ఫోర్క్ చూస్తుండగానే మసకబారిపోతుంది. లోయర్స్ లోపల కూడా అంతే జరుగుతుంది, కొంచెం కొంచెం నీళ్ళు ఆయిల్‌లో కలిసి పాలరంగులోకి మారుతుంది. మెత్తటి గుడ్డతో స్టాంషన్లు, సీళ్ళ అంచులు తుడవండి. సీల్ అంచున గడ్డకట్టిన మంచు ఉంటే గోటితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకొద్దు, కరగనివ్వండి. మరిగే నీళ్ళు అసలు పోయొద్దు, ప్రెషర్ వాషర్ సీళ్ళకి గురిపెట్టొద్దు.

రోడ్డు మీద ఉప్పు చల్లే ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ఉప్పునీరు బోల్టులు, షాక్ బుషింగులు, స్టాంషన్ పూత మీద చిన్న గీత ఉన్నా అక్కడినుంచి తినేస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు బకెట్‌లో పట్టి స్పాంజితో కడిగి తుడిస్తే ఐదు నిమిషాల పని.

స్టాంషన్ల మీద డబ్ల్యూడీ-40 కొట్టే వాళ్ళు ఇంకా ఉన్నారు. మామూలు నీలం డబ్బాది కొట్టొద్దు, అది సీళ్ళ దగ్గరున్న గ్రీజుని కడిగేస్తుంది.

చలికి ఫోర్క్ విరిగిపోతుందా?

అల్యూమినియం చలికి పెళుసుబారదు, ఆ భయం పెట్టుకోకండి. ప్లాస్టిక్ నాబులు, కేబుల్ క్లిప్పులు మాత్రం విరుగుతాయి, గట్టిగా తిప్పొద్దు.

సర్వీస్ ఎప్పుడు చేయించాలి?

రాక్‌షాక్స్ లోయర్ లెగ్ సర్వీస్ 50 గంటలకి ఒకసారి చెయ్యమంటుంది, ఫాక్స్ 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. చలికాలం తొక్కేవాళ్ళు ఈ గంటల లెక్కతో పాటు రెండు సార్లు క్యాలెండర్ చూసి కూడా చేయించండి: చలి మొదలయ్యే ముందు ఒకసారి, కొత్త ఆయిల్, మెత్తటి సీళ్ళతో చలిలోకి వెళ్ళడానికి, చలి అయిపోయాక ఒకసారి, లోపల చేరిన నీళ్ళు తీసేయడానికి. రెండిట్లో ఒక్కటే కుదురుతుందంటే రెండోది చేయించండి, ఎందుకంటే నీళ్ళు కలిసిన ఆయిల్ వేసవంతా లోపలే ఉండిపోతే బుషింగులు, స్టాంషన్ పూత అరిగేది అప్పుడే, ఆ పూత పోతే మార్చడానికి కొత్త ఫోర్క్‌లో సగం ఖర్చయినా ఆశ్చర్యం లేదు.

ఎండలు వచ్చాక?

చలికి కొట్టిన అదనపు గాలి తీసెయ్యాలి. మైనస్ 10 లో 80 ఉన్న ఫోర్క్ 25 డిగ్రీల రోజున 92 దాటుతుంది, దాంతో సాగ్ తగ్గిపోయి బండి గుంట గుంటకీ తన్నుతుంది. రీబౌండ్ కూడా తెరిచినన్ని క్లిక్కులు మూసేయండి, ఆయిల్ పల్చబడ్డాక అలాగే వదిలేస్తే ఫోర్క్ ఎగిరెగిరి పడుతుంది. చలికాలంలో ఫ్రేమ్ కింద అంటించిన ఆ టేప్ ముక్క తీసి పారేయకుండా, పక్కనే వేసవి అంకెలు కూడా రాసి ఉంచుకోండి, నవంబర్‌లో మళ్ళీ కావాలి.